నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత కారు: జబ్బు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

మధ్యాహ్నం రెండింటికి సింగరాయకొండ దాటాక హైవే మీద ఆగిపోయిన కారు, సాయంత్రం షెడ్డు ముందు పెడితే ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది. మెకానిక్ అరగంట ఇంజన్ ఆడించి చూస్తాడు, ఏమీ దొరకదు. సరేనని ప్లగ్గులు మారుస్తారు. వారానికి మళ్లీ ఆగితే కాయిల్ (ప్లగ్గులకు హై వోల్టేజీ ఇచ్చేది) మారుస్తారు, ఆ తర్వాత పెట్రోలు పంపు. డబ్బులు పోతాయి గానీ జబ్బు పోదు. వచ్చి పోయే జబ్బుతో చిక్కు ఇదే. బండి బాగున్నప్పుడు ఎంత వెతికినా అది కనబడదు. ఆగిన క్షణం నుంచి మళ్లీ స్టార్టయ్యే వరకు ఉండే ఆ ఐదు పది నిమిషాలే మీకు దొరికే సాక్ష్యం. ఆ కాసేపట్లో ‘ప్లగ్గుకు కరెంటు రావడం లేదా, ఇంజన్‌కు పెట్రోలు అందడం లేదా’ అన్న ఒక్క ప్రశ్న తేల్చుకుంటే సగం పని అయినట్టే. అందుకే ఏ పార్టూ కొనకముందు, ఆ ఐదు నిమిషాలకు సిద్ధంగా ఉండండి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా పాత పెట్రోలు బళ్ల గురించి: మారుతి 800, ఓమ్ని, జెన్, పాత ఆల్టో, శాంట్రో లాంటివి. వీటిలో కొన్ని కార్బరేటర్ బళ్లు (పెట్రోలును గాలితో కలిపే పాత పద్ధతి), కొన్ని ఎంపీఎఫ్ఐ బళ్లు (కంప్యూటర్ అదుపులో ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మేవి). మీది ఏదో ముందు తెలుసుకోండి, పరీక్షలు వేరుగా ఉంటాయి.

ముందు ప్రాణం సంగతి

ఇంజన్ ఆగితే బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ రాదు. లోపల మిగిలిన వాక్యూమ్‌తో రెండు మూడుసార్లు మాత్రమే బ్రేకు మెత్తగా పడుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా అవుతుంది. కాబట్టి పెడల్‌ను పంపులా కొట్టకండి. ఒక్కసారి గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బరువెక్కుతుంది. బండి పూర్తిగా నిలబడేదాకా తాళం చెవి బయటికి తీయొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. బండి దొర్లుతుండగానే నాలుగు ఇండికేటర్లు వేసి ఎడమ పక్క మట్టి మీదికి దించండి. త్రికోణపు బోర్డును కనీసం 50 మీటర్లు వెనక పెట్టండి. నెల్లూరు, ఒంగోలు మధ్య గ్రానైట్ లారీలు, కంటైనర్లు ఏ వేగంతో వస్తాయో మీకు తెలిసిందే. బండి రోడ్డు మీదే ఉంటే ఏ పరీక్షా వద్దు, ముందు పక్కకు నెట్టించండి.

ఎలా ఆగింది? అదే మొదటి ఆనవాలు

చిన్న నోటుబుక్కు ఒకటి బండిలో పెట్టండి. ఆగిన ప్రతిసారీ టైము, స్టార్ట్ చేశాక ఎన్ని నిమిషాలకు ఆగింది, వేగం ఎంత, ఏసీ ఉందా లేదా, ట్యాంకులో పెట్రోలు ఎంత, మళ్లీ ఎన్ని నిమిషాలకు స్టార్టయింది అని రాయండి. మూడుసార్లు రాసేసరికి ఒక వరస కనబడుతుంది.

తాళం చెవి తిప్పి ఆపేసినట్టు టక్కున ఆగితే చాలాసార్లు అది కరెంటు వైపు జబ్బు: ఇగ్నిషన్ స్విచ్ (తాళం చెవి తిప్పేది), మెయిన్ రిలే (ఇంజన్ కంప్యూటర్‌కు కరెంటు కలిపే స్విచ్ లాంటిది), కాయిల్, క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందో లేదో కనిపెట్టేది), వదులైన టెర్మినల్. అలా కాకుండా ముందు పికప్ తగ్గి, రెండు మూడు కుదుపులు ఇచ్చి, ఊపిరాడనట్టు గింజుకుని ఆగితే పెట్రోలు వైపు చూడాలి. హైవే మీద బాగా పోతూ, సిగ్నల్ దగ్గరో టోల్ గేటు దగ్గరో యాక్సిలరేటర్ వదలగానే ఆగితే స్లో సర్క్యూట్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్‌ను ఆడించే దారి) జబ్బు. గతుకుల్లో మాత్రమే ఆగితే వైరింగ్. వానలో మాత్రమే ఆగితే హెచ్‌టీ లీడ్లు (ప్లగ్గులకు హై వోల్టేజీ తెచ్చే లావు వైర్లు). ట్యాంకు పావుకు దిగాకే ఆగుతుంటే పంపు, దాని జల్లెడ, ట్యాంకు అడుగున ఉన్న మడ్డి.

ఆర్‌పీఎం మీటరు ఉన్న బండి అయితే ఇంకో మంచి ఆనవాలు ఉంది. గేరులో దొర్లుతున్నంతసేపు ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయిందంటే ఇగ్నిషన్ సిగ్నలే పోయింది. బండి వేగంతో పాటు మెల్లగా దిగిందంటే సిగ్నల్ ఉంది, పెట్రోలే లేదు.

గ్యాస్ కిట్ ఉన్న బండికి ఈ పని మరీ సులువు. గ్యాస్ మీద ఆగినప్పుడు పెట్రోలుకు మార్చండి. వెంటనే అందుకుంటే గ్యాస్ వైపు, అంటే వేపరైజర్, గ్యాస్ ఫిల్టర్, మార్పిడి స్విచ్ చూడాలి. రెండింటి మీదా ఆగుతుంటే పెట్రోలు పంపును అనుమానించడం మానేసి ఇగ్నిషన్, అంటే ప్లగ్గుకు నిప్పు ఇచ్చే కరెంటు వైపు వెతకండి.

బండిలో ఉంచుకోవాల్సినవి

12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, మామూలు మల్టీమీటర్, బాగా పనిచేసే పాత స్పార్క్ ప్లగ్గు ఒకటి, ప్లగ్ స్పానర్, 10, 12 నంబరు స్పానర్లు, 10, 15, 20 ఆంపియర్ల ఫ్యూజులు, టార్చి, పాత నూలు గుడ్డ, రెండు లీటర్ల నీళ్లు, ఎమిరీ పేపర్ ముక్క. ఇవి చాలు.

ఆగిన వెంటనే చేయాల్సిన పని

తాళం ఆన్ చేసి డ్యాష్‌బోర్డు చూడండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు వెలగాలి. ఏదీ వెలగకపోతే బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్ తప్ప వేరేవి వెతకక్కర్లేదు. ఎంపీఎఫ్ఐ బండిలో చెక్ ఇంజన్ లైటు కూడా వెలగాలి. మిగతావన్నీ వెలిగి అదొక్కటే వెలగలేదంటే, బల్బు మాడిపోయి ఉంటే తప్ప, ఈసీయూకు (ఇంజన్ కంప్యూటర్‌కు) కరెంటు అందడం లేదని అర్థం. మెయిన్ రిలే, దాని ఫ్యూజు చూడండి. పాత రిలేల్లో లోపలి టంకం సన్నగా చిట్లుతుంది. ఎండలో వేడెక్కి విడిపోయి, చల్లారాక మళ్లీ ఆనుతుంది. అదే బండిలో అదే నంబరు రిలే హారనుకో ఏసీకో ఉంటే తీసి మార్చి చూడండి, పైసా ఖర్చు లేని పరీక్ష.

అద్దాలు ఎత్తి, ఫ్యాను ఆపి, మళ్లీ తాళం ఆన్ చేయండి. ఎంపీఎఫ్ఐ బండిలో వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు ‘జుయ్’మని పంపు శబ్దం రావాలి. రాకపోతే పంపు ఫ్యూజు, రిలే, ఆ తర్వాత పంపు. ఇంకొకరు సెల్ఫ్ కొడుతుండగా ట్యాంకు అడుగున చెక్కతోనో రబ్బరు సుత్తితోనో మెల్లగా తట్టండి. అప్పుడు స్టార్టయితే పంపు మోటారు బ్రష్షులు అరిగిపోయాయన్నమాట. ఆ బండితో దూర ప్రయాణం పెట్టుకోకండి.

తర్వాత కరెంటు పరీక్ష. ఎంపీఎఫ్ఐ అయితే ముందు ఇంజెక్టర్ల కరెంటు కనెక్టర్లు విప్పండి, లేకపోతే కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతుంది. ఒక ప్లగ్గు లీడు ఊడదీసి, దాన్ని మీ పాత ప్లగ్గుకు తొడిగి, ప్లగ్గు ఒంటిని ఇంజన్ లోహానికి గట్టిగా ఆనేలా పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు. లీడును ఖాళీగా గాల్లో వదిలేసి సెల్ఫ్ కొట్టవద్దు, కాయిల్, ఇగ్నైటర్ (కాయిల్‌ను ఆడించే ఎలక్ట్రానిక్ ముక్క) పాడవుతాయి. దగ్గరలో పెట్రోలు తడి ఉండకూడదు. సెల్ఫ్ కొడితే నీలంగా, టక్ టక్ మని వినబడేలా నిప్పు రావాలి. పసుపుపచ్చగా, సన్నగా, అప్పుడప్పుడు వస్తుంటే అది సరిపోదు. నిప్పు బాగుందంటే పెట్రోలు వైపు నడవండి, అసలు రాలేదంటే ఇగ్నిషన్ వైపు. ఈ ఒక్క ఫలితాన్ని నోటుబుక్కులో రాసి మెకానిక్‌కు చూపిస్తే అతనికీ మేలు, మీకూ మేలు.

కార్బరేటర్ బండిలో పెట్రోలు పరీక్ష ఇంకా సులువు. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, కార్బరేటర్ గొంతులోకి టార్చి వేసి, చేత్తో యాక్సిలరేటర్ లింకు ఒక్కసారి లాగండి. సన్నటి పెట్రోలు ధార లోపలికి చిమ్మాలి. ధార వచ్చిందంటే ఫ్లోట్ గిన్నెలో (కార్బరేటర్‌లో పెట్రోలు నిలిచే చిన్న గిన్నె) పెట్రోలు ఉన్నట్టు. ఏమీ రాలేదంటే గిన్నె ఎండిపోయింది, పంపు నుంచో ట్యాంకు నుంచో రావడం లేదు.

ఇంకొకటి మరిచిపోవద్దు: ఆగిన వెంటనే ట్యాంకు మూత తీసి చూడండి. గాలి ‘స్స్...’ అని గట్టిగా లోపలికి పోయి, ఆ వెంటనే బండి స్టార్టయితే ట్యాంకు గాలి దారి మూసుకుపోయింది. పెట్రోలు దిగేకొద్దీ లోపల వాక్యూమ్ పెరిగి పంపు లాగలేకపోతుంది. మూతకు ఉన్న వెంట్ శుభ్రం చేయడమో మూత మార్చడమో చాలు. వందల్లో పోయేదానికి వేలు పెట్టి పంపు మార్చినవాళ్లు ఎందరో.

రోహిణి కార్తె జబ్బు

మే నెలలో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. కార్బరేటర్ బళ్లకు అది పరీక్షాకాలం. ఇందులో రెండు వేరు వేరు జబ్బులున్నాయి, వైద్యాలూ వేరు.

మొదటిది నడుస్తూ ఉండగా వచ్చేది. ఇంజన్‌కు ఆనుకుని ఉండే మెకానికల్ పంపులో, పైపులో పెట్రోలు వేడికి ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని నెట్టగలదు గానీ ఆవిరిని నెట్టలేదు. గిన్నె ఎండిపోయి బండి గింజుకుని ఆగుతుంది, ప్లగ్గులు పొడిగా ఉంటాయి. తడిగుడ్డ పంపు మీద, పెట్రోలు పైపు మీద కప్పి పది నిమిషాలు ఆగితే స్టార్టవుతుంది. నీళ్లు సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి వచ్చే వేడి పైపు) మీద గానీ ఇంజన్ బ్లాకు మీద గానీ పడనీయకండి, పగులుతాయి. రెండోది ఆపాక వచ్చేది. టీ తాగడానికి పదిహేను నిమిషాలు ఆపితే కింది వేడి పైకి కొట్టి గిన్నెలో పెట్రోలు మరిగి లోపలికి పొంగుతుంది. బానెట్ ఎత్తితే పచ్చి పెట్రోలు వాసన, ప్లగ్గులు తడి. అప్పుడు యాక్సిలరేటర్ పదే పదే తొక్కితే ఇంకా మునుగుతుంది. పూర్తిగా నేలకు నొక్కిపెట్టి, వదలకుండా, ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. గాలి ఎక్కువ పోయి ఆరి అందుకుంటుంది.

రెండిటికీ శాశ్వత మందు ఒకే చోట ఉంది. కార్బరేటర్ కింద వేడిని ఆపే ఇన్సులేటర్ దిమ్మ పగలకుండా ఉండాలి. మానిఫోల్డ్ మీద రేకు కవచం ఊడి ఉంటే మళ్లీ బిగించాలి, చాలా బళ్లకు దాన్ని తీసి పారేసి ఉంటారు. పెట్రోలు పైపు ఇంజన్‌కు తాకకుండా క్లిప్పు వేయాలి. ఫ్లోట్ లెవెల్ ఎక్కువగా ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాను సరైన టైముకు తిరుగుతుందో లేదో కూడా చూడండి.

పెట్రోల్లో నీళ్లు, మడ్డి

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బళ్ల రబ్బరు దానికి తట్టుకునేలా చేశారు, పాత బళ్లది కాదు. పాత పెట్రోలు పైపు మెత్తబడి లోపలి పొర ఊడుతుంది. పంపు లోపలి డయాఫ్రం (పెట్రోలు నెట్టే రబ్బరు పొర) సాగుతుంది. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన బంకను ఇథనాల్ కరిగించి ఫిల్టర్‌లోకి తెస్తుంది. పైగా ఇథనాల్ గాలిలోని తడిని పీలుస్తుంది. కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం పక్క నెలల తరబడి కదలకుండా ఉండే బండికి ఇది మరీ ముప్పు. తడి హద్దు దాటితే నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. పంపు లాగేది ఆ అడుగు నుంచే.

చూసే పద్ధతి ఇది. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే ట్యాంకు అడుగు నుంచి అర లీటరు పెట్రోలు శుభ్రమైన గాజు సీసాలోకి తీయండి. గంటసేపు నిలబెట్టి, వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి. మంచి పెట్రోలు ఒకే రంగుగా, తేటగా ఉంటుంది. నీళ్లు చేరితే అడుగున వేరే పొర కట్టి, మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. సీసా వంచితే ఆ గీత పక్కకు ఒరుగుతుంది. తుప్పు అయితే ఎర్రటి పొడి అడుగున చేరుతుంది. పొర కనబడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయించి, ఫిల్టర్ మార్చి, పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించండి. ఇదంతా ఆరుబయట, బ్యాటరీ వైరు తీసి, చుట్టుపక్కల బీడీ, సిగరెట్ లేకుండా చేయాలి.

ఎంపీఎఫ్ఐ బండిలో అనుమానం ఇంకా ఉంటే ప్రెషర్ గేజి పెట్టించండి. చాలా పాత బళ్లలో 2.5 నుంచి 3.5 బార్ వరకు ఉంటుంది, మీ బండి లెక్క మాన్యువల్లో చూడాలి. షెడ్డులో ఒక్క నిమిషం చూసి బాగుందనడం సరిపోదు. పంపు వేడెక్కాక పడిపోతుంది కాబట్టి ముప్పావు గంట ఆడించి చూడమనండి. పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజీ కూడా కొలవండి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికంటే ఒక వోల్టు మించి తగ్గితే పంపుది తప్పు కాదు, మధ్యలో వైరుదో రిలేదో తప్పు.

డ్యాష్‌బోర్డు మీద రెండు దీపాలు

వచ్చి పోయే కరెంటు జబ్బుకు ఇంతకు మించిన పరికరం లేదు. 12 వోల్టుల చిన్న ఇండికేటర్ బల్బులు రెండు తీసుకోండి. ఒకదాని వైరు కాయిల్ పాజిటివ్‌కు, ఎంపీఎఫ్ఐ బండి అయితే ఇంకోదాని వైరు పంపుకు వచ్చే పాజిటివ్‌కు కలపండి. రెండో కొసలు మంచి ఎర్తుకు. ప్రతి వైరుకూ మొదట్లోనే 3 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి, లేకపోతే వైరు ఒరిసి షార్ట్ అయినప్పుడు కొత్త జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది. బల్బుల్ని డ్యాష్‌బోర్డు మీద అంటించి, వైర్లు సైలెన్సర్‌కు, ఫ్యానుకు దూరంగా కట్టి, మామూలుగా తిరగండి. పక్కన కూర్చున్నవాళ్లను దీపాలు చూడమనండి, మీ చూపు రోడ్డు మీదే ఉండాలి.

ఆగినప్పుడు రెండూ ఆరితే ఇగ్నిషన్ స్విచ్ లేదా మెయిన్ రిలే. కాయిల్ దీపం వెలుగుతూ, ఇంజన్ ఆగకముందే పంపు దీపం ఆరితే పంపు రిలే లేదా దానికి సిగ్నల్ ఇచ్చే దారి. ఇక్కడ చాలామంది పొరబడతారు: ఇంజన్ తిరగడం మానేశాక ఈసీయూ ఒకటి రెండు సెకన్లలో తనంతట తానే పంపు ఆపేస్తుంది. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్నదే కీలకం. ఆగేదాకా రెండూ వెలుగుతూనే ఉంటే కరెంటు సరఫరా బాగుంది. అప్పుడు కాయిల్, క్రాంక్ సెన్సర్, పెట్రోలు ప్రెషర్ చూడాలి.

దీపాలు పెట్టే ముందు రెండు నిమిషాల పని ఒకటుంది. ఇంజన్ స్లోలో ఆడుతుండగా తాళం చెవిని పైకీ కిందికీ కదపండి. బీరువా తాళాలు, ఇంటి తాళాలు కలిపి గుత్తిగా వేలాడదీస్తే ఇగ్నిషన్ స్విచ్ లోపల అరిగిపోతుంది. కదిపినప్పుడు ఇంజన్ తడబడితే దొరికినట్టే.

వేడెక్కితే చచ్చి, చల్లారితే బతికేవి

సరిగ్గా అరగంట నడిచాక ఆగి, ఇరవై ముప్పై నిమిషాలకు ఏమీ జరగనట్టు స్టార్టయితే క్రాంక్ సెన్సర్ లేదా డిస్ట్రిబ్యూటర్లోని (ప్లగ్గులకు కరెంటు పంచేది) పికప్ అనే సెన్సర్, కాయిల్, ఇగ్నైటర్ వరసగా అనుమానించండి. లోపలి సన్నటి తీగ వేడికి సాగి తెగి, చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. రెండు వైర్ల సెన్సర్ అయితే చల్లగా ఉన్నప్పుడు ఓములు కొలిచి రాసుకోండి, సాధారణంగా కొన్ని వందల ఓములు వస్తుంది. ఆగిన వెంటనే మళ్లీ కొలవండి. మీటరు ఏమీ చూపించకపోతే సెన్సర్ పోయింది. మూడు వైర్లది ఇలా తేలదు. తడిగుడ్డతో ఆ సెన్సర్ ఒక్కదాన్నే చల్లబరచి, వెంటనే అందుకుంటుందేమో చూడండి.

కాయిల్ ప్రైమరీ సాధారణంగా అర ఓము నుంచి 3 ఓముల మధ్య, సెకండరీ కొన్ని వేల ఓములు ఉంటుంది. ఇదీ వేడి మీదే కొలవాలి, చల్లటి కాయిల్ కొలత మిమ్మల్ని మోసం చేస్తుంది.

వాన, ఉప్పుగాలి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో వచ్చే జబ్బును ఎండాకాలంలో కూడా పట్టుకోవచ్చు. రాత్రి పూర్తి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజన్ స్లోలో పెట్టి, ఇస్త్రీ నీళ్ల స్ప్రేతో హెచ్‌టీ లీడ్ల మీద, డిస్ట్రిబ్యూటర్ మూత మీద సన్నగా చిమ్మండి. పాడైన లీడు ఉంటే నీలి దారప్పోగులా నిప్పు పక్క లోహానికి పాకడం కళ్లారా కనిపిస్తుంది, చిటపట వినిపిస్తుంది. చేతులు, చొక్కా అంచులు ఫ్యానుకు దూరంగా ఉండాలి. ఆ తర్వాత ఇంజన్ ఆపి డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చూడండి. పెన్సిల్ గీతలా నల్లటి సన్నటి చార ఉంటే అది కరెంటు వేసుకున్న దొంగదారి. గీకితే పోదు, మూతా రోటరూ కలిపి మార్చాలి.

నెల్లూరులో రైలు కట్ట కింద అండర్‌బ్రిడ్జిల్లో నిలిచిన నీళ్లలో ఆగితే మాత్రం సెల్ఫ్ కొట్టనే వద్దు. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి నెట్టించి, ప్లగ్గులు తీశాకే తిప్పాలి.

సముద్రం పక్క, రొయ్యల చెరువుల పక్క ఉండే బళ్లకు ఎర్తు వైరే పెద్ద తలనొప్పి. పైకి బాగానే ఉంటుంది, బోల్టు కింద తెల్లగా, పచ్చగా తుప్పు ఉంటుంది. మల్టీమీటర్ నల్ల కొస బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర కొస ఇంజన్ బ్లాకుకు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్తు స్ట్రాప్ విప్పి, రెండు వైపులా ఎమిరీతో మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు పూయండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి.

సిగ్నల్ దగ్గర మాత్రమే ఆగితే

ఎంపీఎఫ్ఐలో థ్రాటిల్ బాడీకి (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) పట్టిన మసి, స్లో గాలి వాల్వు చూడాలి. క్లీనర్ కొట్టిన గుడ్డతో తుడిచి, ఏసీ ఆపి పది నిమిషాలు స్లోలో ఆడనివ్వండి, చాలా బళ్లలో ఈసీయూ మళ్లీ సర్దుకుంటుంది. కార్బరేటర్‌లో స్లో జెట్టు, దాని పక్కన ఉండే సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) చూడాలి. తాళం ఆన్ చేస్తే సోలనాయిడ్ ‘టిక్’ మనాలి, అనకపోతే వైరు చూడండి. చిట్లిన వాక్యూమ్ పైపులు రెండు రకాల బళ్లకూ ఉండే జబ్బే. పైపుల మీద నీళ్లు చిమ్మితే శబ్దం మారిన చోట గాలి పీలుస్తోంది. చీమకుర్తి క్వారీల పక్క తిరిగే బళ్లకు ఎయిర్ ఫిల్టర్ మాన్యువల్ చెప్పిన దూరంలో సగానికే మార్చుకోండి.

డీజిల్ బండి అయితే ఇన్ని దారులు లేవు. ఫిల్టర్‌లో నీళ్లు, పైపులో గాలి, పంపు మీద స్టాప్ సోలనాయిడ్ వైరు. రిటర్న్ పైపు స్థానంలో పారదర్శకమైన డీజిల్ పైపు ముక్క పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూస్తే గాలి సంగతి తేలిపోతుంది.

బాగైందని ఎప్పుడు నమ్మాలి

ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. స్కానర్ పెట్టే వీలున్న బండి అయితే కోడ్లు చదివించేదాకా బ్యాటరీ తీయొద్దు, దాచుకున్న కోడ్లు పోతాయి. పాత పార్టు పారేయకండి, అడిగి వెనక్కి తీసుకోండి.

తర్వాత నోటుబుక్కు తెరిచి, ఏ పరిస్థితిలో ఆగేదో సరిగ్గా అదే పరిస్థితిలో నడపండి. మధ్యాహ్నం రెండింటికి, ఏసీ వేసి, పావు ట్యాంకుతో ఆగేదైతే అదే టైముకు, అదే ఏసీతో, అదే పావు ట్యాంకుతో ఒంగోలు నుంచి సింగరాయకొండ దాకా సుమారు 30 కిలోమీటర్లు వెళ్లి, పదిహేను నిమిషాలు ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి తిరిగి రండి. వారానికోసారి ఆగే బండి అయితే కనీసం మూడు వారాలు ఇలా చూశాకే డ్యాష్‌బోర్డు మీది దీపాలు పీకండి.